ఓడలో కాపురం పెడతానంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ అదే ఆలోచనలో ఉన్నాను. రిటైరవ్వగానే మల్కాజిగిరి ఫ్లాట్ అమ్మేసి ఆ డబ్బుతో క్రూయిజ్ షిప్‌లోనే ఉండిపోతామన్నావు. పిల్లలు నవ్వారన్నావు, నేను నవ్వను. మీ బావగారూ నేనూ మూడు విడతల్లో పదకొండు నెలలు ఓడల మీద ఉన్నాం. వంట లేదు, పనిమనిషి రాలేదన్న టెన్షన్ లేదు, పొద్దున్నే కర్టెన్ తీస్తే కొత్త ఊరు. వెళ్లు. ఫ్లాట్ మాత్రం అమ్మకు.

2023లో ఒక కంపెనీ మూడేళ్ల ప్రపంచయాత్ర అని డబ్బులు కట్టించుకుంది. నవంబరులో ఇస్తాంబుల్ నుంచి బయల్దేరాలి, చివరికి ఓడే కొనలేకపోయామని రద్దు చేసింది. దాన్ని నమ్మి ఇళ్లు ఖాళీ చేసుకున్నవాళ్లున్నారు. మరుసటి ఏడు ఇలాంటి యాత్రకే బయల్దేరాల్సిన విల్లా వీ ఒడిస్సీ అనే ఓడ మరమ్మతులు తెమలక బెల్‌ఫాస్ట్‌లో దాదాపు నాలుగు నెలలు ఆగిపోయింది. 2002 నుంచి తిరుగుతున్న ‘ది వరల్డ్’ లాంటి ఓడ కూడా ఉందనుకో, 165 ఇళ్లు, ఉండేవాళ్లే యజమానులు, కానీ అది కోటీశ్వరుల వ్యవహారం, మన లెక్క కాదు.

అసలు సంగతి ఆరోగ్యం. రెండో ప్రయాణంలో అట్లాంటిక్ మధ్యలో మీ బావగారికి జ్వరం వచ్చింది, మూడో రోజుకి ఆయాసం. ఓడలో డాక్టరు ఉన్నాడు, మంచివాడే, ఎక్స్‌రే తీశాడు, ఆక్సిజన్ పెట్టాడు, న్యుమోనియా అన్నాడు. కానీ అది ఆసుపత్రి కాదురా, అప్పటికప్పుడు చేయగలిగింది చేసి తర్వాతి రేవులో దించేస్తారు. మమ్మల్ని లిస్బన్‌లో దించారు. వైద్యం ఖర్చంతా క్యాబిన్ ఖాతాలో రాశారు, అది ముందు మనం కట్టి తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర తెచ్చుకోవాలి. గబగబా సామాను సర్దుకుని అంబులెన్స్ ఎక్కాం, సాయంత్రానికి ఓడ వెళ్లిపోయింది. భాష రాని ఆసుపత్రిలో ఆరు రోజులు ఆ మంచం పక్కన కుర్చీలో కూర్చుని నేను తలచుకున్నది ఒక్కటే, శంషాబాద్‌లో దిగితే మన తాళంచెవి మన దగ్గరుంది అని. అది లేకపోతే ఎక్కడికి వెళ్లేవాళ్లం చెప్పు? పిల్లల ఇంటికి, అదీ అతిథుల్లా.

కాబట్టి ఇన్సూరెన్స్ కాగితం ఒక్కో వాక్యం చదువు. ఇక్కడి హెల్త్ పాలసీలు చాలావరకు దేశం దాటితే పనికిరావు, ట్రావెల్ పాలసీకి వయసు హద్దూ రోజుల హద్దూ ఉంటాయి. నీ షుగరు సంగతి దాచకు, దాస్తే రేపు క్లెయిమ్ ఇవ్వరు. సముద్రం మధ్య నుంచి హెలికాప్టర్లో తరలించాల్సివస్తే ఆ ఖర్చు పాలసీలో ఉందో లేదో అడుగు. మందులు మూడు నెలలకి సరిపడా స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో పాటు పెట్టుకో.

వీసాలు ఇంకో తలనొప్పి. తెల్లవాళ్లు రాసినవి చదివి ఎక్కడ ఆగితే అక్కడ దిగుతామనుకోకు, మన పాస్‌పోర్టుకి అలా కుదరదు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తారు. అమెరికా దారిలో ఉంటే ముందు నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఒక్క వీసా తక్కువైనా ఓడ ఎక్కనివ్వకపోవచ్చు.

డబ్బు గురించి. వాళ్లు చెప్పే టికెట్ ధర ఒక క్యాబిన్‌లో ఇద్దరుంటే తలకి ఇంత అని. రేపు మీ ఇద్దరిలో ఒకరే ఉండాల్సివస్తే ఆ ఒక్కరికీ దాదాపు రెండు టికెట్ల డబ్బు పడుతుంది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా అరవై దాటాక ఈ లెక్క వేసుకోవాల్సిందే. చాలా ఓడల్లో టిప్పులు రోజూ తలకి విడిగా పడతాయి, ఇంటర్‌నెట్, బట్టలు ఉతికించడం కూడా అదనమే. ఎక్కువ ఖర్చు లేకుండా ఉండాలంటే, సీజన్ మారినప్పుడు ఓడని ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి తీసుకెళ్లే ప్రయాణాలుంటాయి, వాటి టికెట్ తక్కువ, అయితే రోజుల తరబడి నీళ్లు తప్ప ఏమీ కనపడవు. నాకవే బాగా నచ్చాయి.

క్యాబిన్ ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో తీసుకో, ఊపు తక్కువ. మనవి వెజిటేరియన్ భోజనాలని బుకింగ్ అప్పుడే రాయించు. రైస్ కుక్కర్ పెట్టుకోనివ్వరు, నిప్పు భయం. గోంగూర పచ్చడి సీలు వేసిన ప్యాకెట్లలో తీసుకెళ్లు, రేవులో దిగేటప్పుడు మాత్రం బ్యాగులో ఉంచుకోకు, కొన్ని దేశాల్లో కస్టమ్స్ వాళ్లు ఊరుకోరు.

నేనైతే ఏడాదిలో నాలుగైదు నెలలు ఓడ, మిగతాది ఇల్లు అంటాను. మీ బావగారి పెన్షన్‌కి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అందుకని మేం ఎప్పుడూ అక్టోబరు కల్లా ఇంట్లో ఉండేవాళ్లం. ముందు ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు వెళ్లే కార్డీలియా కంపెనీ ఓడలో నాలుగైదు రాత్రులు ఉండి రండి, ఒంటికి పడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకొకటి. ఫోనులో ఆసాంతం ‘మేం’ అన్నావు గానీ మరదలి గొంతు ఒక్కసారీ వినపడలేదు. ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి. తనకి ఎలా ఉందో నేను తననే అడుగుతాను.

అక్క