వానపాములు తొట్టి విడిచిపోతున్నాయా? ముందు వంటింటి బకెట్ చూడండి

సందేహం: వంటింట్లో వచ్చే తొక్కలు, తొడిమలు, వాడిన టీపొడి, ఒక్కోసారి మిగిలిన వంటకాలు కూడా బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌లో వారం పాటు పోగుచేసి, ఒకేసారి ఎరువు కోసం పెట్టిన వానపాముల తొట్టిలో వేస్తున్నాము. మూత తీయగానే పుల్లటి కంపు వస్తోంది. సన్నని ఈగలు ముసురుతున్నాయి. వానపాములు గోడలెక్కి బయటికి పోతున్నాయి. తొట్టి కట్టడంలో లోపమా, తెచ్చిన వానపాములు మంచివి కావా?

సలహా: మీరు తెలిపిన లక్షణాలను బట్టి తొట్టినీ, వానపాములనూ అనుమానించవలసిన పని లేదు. వ్యర్థాలు తొట్టికి చేరకముందే బకెట్‌లో పులిసిపోతున్నాయి.

కూరగాయలు, పండ్ల తొక్కల బరువులో ఎక్కువ భాగం నీరే. గాలి ఆడని పాత్రలో అవి అణిగిపోయి, తాము వదిలిన నీటిలోనే రోజుల తరబడి నానితే, గాలి అక్కరలేని సూక్ష్మజీవులు పెరిగి సేంద్రియ ఆమ్లాలను తయారుచేస్తాయి. మీకు వస్తున్న పుల్లటి కంపు చాలావరకు వాటిదే. చర్మం ద్వారా శ్వాసించే వానపాములు ఇంత ఆమ్లగుణం ఉన్న ముద్దను తట్టుకోలేవు. పైగా పచ్చి వ్యర్థాలను ఒకేచోట మందంగా వేస్తే కుళ్ళేటప్పుడు వేడి పుడుతుంది. ఇళ్లలో ఎక్కువగా పెంచే ఐసీనియా ఫెటిడా రకానికి 15 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. 35 డిగ్రీలు దాటితే చనిపోయే ప్రమాదం ఉంది. అందుకే అవి గోడలెక్కుతున్నాయి.

కాబట్టి సేకరించే పద్ధతిని మార్చండి. బకెట్ మూతకు చిన్న రంధ్రాలు చేసి, లోపలివైపు పలుచని గుడ్డ బిగించండి. అడుగున చించిన అట్టముక్కలు గానీ ఎండుటాకులు గానీ రెండు అంగుళాల మందాన పరచి, తొక్కలను నీరు ఓడ్చి, అంగుళం ముక్కలుగా తరిగి వేసి, వేసిన ప్రతిసారీ పైన గుప్పెడు ఎండు పదార్థం చల్లండి. వంటింటి వ్యర్థాల్లో నత్రజని పాలు ఎక్కువ, కర్బనం పాలు తక్కువ కాబట్టి ఈ ఎండు పదార్థం తడిని పీల్చడంతో పాటు ఆ లోటునూ పూడుస్తుంది. సరిగా నిండిన బకెట్‌ను వంచితే నీరు కారదు. ఆకులు తొక్కలకు తడిగా అంటుకుని ఉంటాయి, వాసన పచ్చిగానే ఉంటుంది. వారం ఆగకుండా రెండు మూడు రోజులకొకసారి తొట్టికి చేర్చండి.

మిగిలిన వంటకాలు ఈ బకెట్‌లో వేయకండి. ఉప్పు వానపాముల ఒంట్లోని నీటిని లాగేస్తుంది, నూనె గాలి ఆడనివ్వదు, మాంసం, పాల పదార్థాలు ఎలుకలను రప్పిస్తాయి. నిమ్మజాతి తొక్కలు, ఉల్లి, వెల్లుల్లి అతి కొద్దిగా ఉంటే ఫరవాలేదు. టీపొడి నిరభ్యంతరంగా వేయవచ్చు. గుడ్డు పెంకులను ఎండబెట్టి మెత్తగా పొడిచేసి కలిపితే ఆమ్లగుణం కొంత తగ్గుతుంది. పళ్లు లేని వానపాములకు ఆహారం నూరుకోవడానికి ఆ నలుసులు పనికివస్తాయి కూడా.

ఈగల గుడ్లు తరచుగా పండ్ల తొక్కలతోనే ఇంటికి వస్తాయి. తొక్కలను ఫ్రీజర్‌లో రెండు మూడు రోజులు గడ్డకట్టిస్తే ఆ గుడ్లు చాలావరకు నశిస్తాయి, తొక్కలు మెత్తబడి త్వరగా కుళ్ళుతాయి. చల్లదనం పూర్తిగా పోయాకే తొట్టిలో వేయాలి. ఫ్రీజర్‌లో చెత్త దాచడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే, తొట్టిలో వ్యర్థాలను రెండు అంగుళాల లోతున పూడ్చి పైన తడి గోనెగుడ్డ కప్పినా ఈగలు బాగా తగ్గుతాయి.

మోతాదు విషయంలోనే చాలామంది తొందరపడతారు. కిలో వానపాములు అన్నీ అనుకూలిస్తే రోజుకు అరకిలో వరకు తింటాయి గానీ, కొత్త తొట్టిలో పావుకిలోతో మొదలుపెట్టి, వేసినది కనుమరుగయ్యాకే మళ్లీ వేయడం మేలు. మిగులు వ్యర్థాలను మామూలు కంపోస్టు గుంతకు మళ్లించండి.

ప్రస్తుతం తొట్టిలో ఉన్న పులిసిన ముద్దను తీసివేసి, మిగిలిన పడకను, అంటే వానపాములు ఉండే పొరను, చేత్తో మెల్లగా గుల్లచేసి, ఎండు అట్టముక్కలు కలపండి. ఒకటి రెండు వారాలు మేత ఆపండి. వెలుతురు వానపాములకు గిట్టదు కనుక, మొదటి రెండు మూడు రాత్రులు పైన దీపం వెలిగించి ఉంచితే బయటికి రాకుండా లోపలికి దిగుతాయి. పిడికెడు పడకను గట్టిగా పిండినప్పుడు ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలి, మట్టివాసన వస్తే మేత తిరిగి మొదలుపెట్టవచ్చు. పులుపు విరుగుతుందని సున్నం మాత్రం చల్లకండి. అది వానపాముల చర్మాన్ని కాలుస్తుంది.