పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీకి అమెరికా వస్తున్నారా? సివిల్స్ నోట్స్ అటకెక్కించండి

సందేహం: ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చేశాను, రెండేళ్లు సివిల్స్‌కి చదివాను. అమెరికాలో పీహెచ్‌డీకి సీటొచ్చింది, ఆగస్టులో చేరాలి. ఇప్పట్నుంచీ ఏం చదువుకోవాలి? మనవాళ్లు ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటారు?

జవాబు: దెబ్బతినేది విషయం తెలియక కాదు, చదివే పద్ధతి వల్ల. సివిల్స్‌లో పదిమంది పండితుల మాటలు వరసగా పేర్చి, చివర్లో అటూ ఇటూ కాకుండా ఒక పేరా రాస్తే మార్కులు పడతాయి. ఇక్కడ సెమినార్ పేపర్ అలా రాస్తే "ఇందులో మీ వాదన ఏది?" అని మార్జిన్‌లో రాసి తిరిగిచ్చేస్తారు. మొదటి సెమిస్టర్లో మనవాళ్లలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఇదే. కాబట్టి ఆ నోట్స్ అటక మీద పెట్టేసి రండి.

ఇంకా ఆఫర్లు చేతిలో పెట్టుకుని తేల్చుకోనివాళ్లు ముందు డబ్బు సంగతి రాతపూర్వకంగా అడగాలి. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? వేసవిలో ఇంటి అద్దె ఆగదు, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద మామూలుగా క్యాంపస్ బయట పని చేయకూడదు. ఐదేళ్ల గ్యారంటీ అని రాసి ఉంటుంది గానీ డిగ్రీ చేతికొచ్చేసరికి ఆరేళ్లు మామూలే. ఆ ఆరో ఏడాది ఎలా గడుస్తుంది? ట్యూషన్ మాఫీ అయినా ఫీజులు, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? అక్కడ చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ల జాబితా వెబ్‌సైట్లో పెడతారు, కానీ అందులో కనిపించేది గట్టెక్కినవాళ్లే. ఆ ఏడాది చేరింది ఎంతమందో కూడా అడగండి. ఫండింగ్ ఆఫర్‌కి ఏప్రిల్ 15 లోపే జవాబివ్వమని ఒత్తిడి చేయకూడదన్న ఒప్పందం మీద చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు సంతకం చేశాయి, ఆ గడువును పూర్తిగా వాడుకోండి.

సొంత డబ్బుతో ముందు ఎం.ఏ.కి వచ్చి, తర్వాత పీహెచ్‌డీకి మారదామనే ఆలోచన మాత్రం వద్దు. ఎం.ఏ.కి సాధారణంగా ఫండింగ్ ఉండదు, పీహెచ్‌డీకి ఉంటుంది. పీహెచ్‌డీలో చేరితే కోర్సులు పూర్తయ్యాక దారిలోనే ఎం.ఏ. పట్టా చాలాచోట్ల ఇచ్చేస్తారు. దాని కోసం పొలం తాకట్టు పెట్టి రావడం తెలివైన పని కాదు.

ఇక చదువు. చాలా డిపార్ట్‌మెంట్లలో క్లాసులు మొదలయ్యే ముందు, ఆగస్టులో ఒకటి రెండు వారాలు మ్యాథ్ క్యాంప్ ఉంటుంది. డెరివేటివ్‌లు, మ్యాట్రిక్సులు, ప్రాబబిలిటీ, గణాంకాల లెక్కలకు వాడే ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్‌లో కాస్త ప్రోగ్రామింగ్ నేర్పిస్తారు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో లెక్కగట్టడం), కాజల్ ఇన్ఫరెన్స్ (causal inference, ఏది దేనికి కారణమో తేల్చే పద్ధతులు), కొన్నిచోట్ల గేమ్ థియరీ (ఎదుటివాళ్ల ఎత్తుల్ని బట్టి మన నిర్ణయాల లెక్క). ఇంటర్లో హెచ్.ఇ.సి., సి.ఇ.సి. చదివినవాళ్లు ఇక్కడే భయపడతారు. నిజానికి ఇంటర్ ఎం.పి.సి. పుస్తకాల్లోని కలనం, మాత్రికలు, సంభావ్యత అధ్యాయాలు ఆగస్టులోపు చేత్తో లెక్కలు చేస్తూ ముగిస్తే క్యాంపులో తట్టుకుంటారు. ఆర్ ఉచితం, ఇప్పుడే ల్యాప్‌టాప్‌లో ఎక్కించి ఒక ఎన్నికల పట్టిక తెరిచి చూడండి. బీటెక్ చేసి ఇటు వచ్చినవాళ్ల ఇబ్బంది వేరు. వాళ్లకు పద్ధతి చప్పున వంటబడుతుంది, అడగడానికి ప్రశ్న దొరకదు. గట్టి మోడల్ చేతిలో పెట్టుకుని దేనికి వాడాలో తెలియక మూడో ఏడాదిలో కూలబడేది వీళ్లే.

ఫుల్ లోడ్ అంటే సాధారణంగా సెమిస్టర్‌కి మూడు సెమినార్లు. ఒక్కోదానికి వారానికి ఒక పుస్తకమో, ఐదారు వ్యాసాలో ఇస్తారు. మూడూ కలిపితే వారానికి ఆరేడు వందల పేజీలు. మొదటి పేజీ నుంచి గీతలు గీసుకుంటూ పోతే బుధవారానికే చేతులెత్తేస్తారు. వ్యాసమైతే ముందుమాట, ముగింపు, తర్వాత పట్టికలు, ఆ తర్వాత డేటా ఎలా తెచ్చారన్న భాగం చదవండి. మధ్యలోది అవసరమైతేనే. చదివిన ప్రతిదానికీ అరపేజీ మించకుండా నాలుగు మాటలు రాసిపెట్టుకోండి: ప్రశ్న, జవాబు, ఆధారం, లొసుగు. ఉదాహరణకు, సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వ్ అయిన ఊళ్లలో పంచాయతీ డబ్బు తాగునీటి మీద ఎక్కువ ఖర్చయిందని ఒక వ్యాసం వాదిస్తోందనుకోండి. ప్రశ్న: నాయకులు ఎవరన్నదాన్ని బట్టి ఖర్చు మారుతుందా? జవాబు: మారుతుంది. ఆధారం: రిజర్వేషన్ తమకు పడాలా వద్దా అన్నది ఆ ఊరి చేతిలో లేదు, కాబట్టి పడిన ఊళ్లనూ పడని ఊళ్లనూ పోల్చవచ్చు. లొసుగు: సంతకం ఆమెది, పెత్తనం భర్తది అయితే ఈ ఫలితం ఎవరి ఖాతాలో వేయాలి? ఆ చివరి వాక్యాన్నే సెమినార్‌లో నోరు తెరిచి చెప్పాలి. మూడు గంటలు మర్యాదగా కూర్చుని వింటే వినయమనుకోరు, చదివి రాలేదనుకుంటారు.

మార్కుల సంగతిలో ఒక తేడా ఉంది. గ్రాడ్యుయేట్ స్కూల్లో బి అంటే పాస్ కాదు, హెచ్చరిక. జీపీఏ 3.0 కింద పడితే చాలాచోట్ల ప్రొబేషన్, అంటే మార్కులు పెంచుకోకపోతే పంపించేస్తామన్న షరతు. టర్మ్ పేపర్ ఆలస్యమైతే ఇన్‌కంప్లీట్ (తర్వాత పూర్తిచేస్తానని తీసుకునే తాత్కాలిక గ్రేడు) అడిగి తప్పించుకోవచ్చు గానీ, అలాంటివి రెండు పోగైతే తర్వాతి సెమిస్టర్ కూడా మునుగుతుంది. వేరేవాళ్ల పేరా తీసుకుని నాలుగు మాటలు మార్చి రాయడం మన నోట్స్ సంస్కృతిలో తప్పుగా అనిపించదు. ఇక్కడ అది ప్లేజియరిజమే, కింద సోర్స్ ఇచ్చినా సరే.

కాంప్రిహెన్సివ్ పరీక్షలు (థీసిస్‌కి ముందు గట్టెక్కాల్సిన పెద్ద పరీక్షలు) రెండో ఏడాది చివర్లోనో, మూడో ఏడాదిలోనో వస్తాయి. మీ సబ్‌ఫీల్డ్‌లో, అంటే కంపారిటివ్ (వేర్వేరు దేశాల రాజకీయాల పోలిక), ఐఆర్ (అంతర్జాతీయ సంబంధాలు), థియరీ, అమెరికన్ పాలిటిక్స్, మెథడ్స్‌లో ఒకటి రెండింటిలో, వందకు పైగా రచనల జాబితా ఇస్తారు. ఇండియా మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా కంపారిటివ్‌లో ఉంటారు. కొన్నిచోట్ల ఒక రోజు గదిలో కూర్చుని రాయాలి, కొన్నిచోట్ల ఇంటికిచ్చి రెండు మూడు రోజుల గడువిస్తారు, తర్వాత మౌఖికం. సివిల్స్ అలవాటు ఎక్కువగా ముంచేది ఇక్కడే. ప్రశ్న "ప్రజాస్వామ్యం నిలబడటానికి ఆదాయమే కారణమా?" అని ఉంటే, ఎవరెవరు ఏమన్నారో జాబితా రాయకూడదు. రెండు శిబిరాలుగా విడదీసి, ఏ ఆధారం ఏ శిబిరాన్ని దెబ్బతీస్తుందో చెప్పి, మీరెటు నిలబడ్డారో మొదటి పేరాలోనే ప్రకటించాలి. పాత ప్రశ్నపత్రాలు డిపార్ట్‌మెంట్ ఆఫీసులోనో సీనియర్ల దగ్గరో దొరుకుతాయి. చాలా డిపార్ట్‌మెంట్లలో రెండే అవకాశాలు, రెండోసారీ తప్పితే ఎం.ఏ. పట్టాతో బయటికే.

తెలుగు రాష్ట్రాల మీద థీసిస్ రాద్దామనుకునేవాళ్లు డేటా సంగతి ముందే తెలుసుకోవాలి. పోలింగ్ బూత్ వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లన్నది ఫారం 20లో ఉంటుంది. రెండు రాష్ట్రాల ప్రధాన ఎన్నికల అధికారుల సైట్లలో వెతకండి. చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే, చేత్తో ఎక్కించుకోవాలి. బూత్ నంబర్లు ప్రతి ఎన్నికకూ మారతాయి. 2014లో 87వ బూత్, 2019లో 87వ బూత్ ఒకే ఊరివి కావాలని లేదు. పోలింగ్ కేంద్రం పేరు చూసి జత కలపాలి. జిల్లాను యూనిట్‌గా పెట్టుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. తెలంగాణలో 2016 అక్టోబర్లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్లో 13 కాస్తా 26. అసెంబ్లీ నియోజకవర్గాల హద్దులు మాత్రం 2009 ఎన్నికల నుంచి దాదాపు అవే, ఇప్పుడు ఆంధ్రలో 175, తెలంగాణలో 119. కాబట్టి నియోజకవర్గాన్నే పట్టుకోండి. ఒక్కచోట జాగ్రత్త: 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిసిన పోలవరం ముంపు మండలాలు. భద్రాచలం, రంపచోడవరం లాంటిచోట్ల ఆ తర్వాత ఎన్నికల ఓటర్లు ముందటివాళ్లు కారు.

ఊళ్లకు వెళ్లి మనుషులతో మాట్లాడాలంటే ముందు యూనివర్సిటీ ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనల్ని పరిశీలించే నైతిక కమిటీ) అనుమతి ఉండాలి. అనుమతికి ముందు చేసిన ఇంటర్వ్యూలు థీసిస్‌లో వాడుకోలేరు, మీ సొంత మేనమామతో మాట్లాడినా సరే. అనుమతికి వారాల నుంచి నెలలు పట్టవచ్చు, టికెట్ కొనే ముందే అప్లై చేయండి. మామూలుగా వాళ్లు సంతకంతో సమ్మతి పత్రం అడుగుతారు. పల్లెలో కాగితం తీసి సంతకం పెట్టమంటే, వేలిముద్ర వేయమంటే, భూమి కాగితాలేమోనని జనం లేచిపోతారు. నోటిమాట సమ్మతి చాలునని మినహాయింపు అడిగే వీలు నిబంధనల్లోనే ఉంది. సంతకం పెట్టే అలవాటు లేని సమాజమని కారణం చూపి, మీరు చదివి వినిపించే తెలుగు మాటలూ వాటి ఇంగ్లీషు అనువాదమూ జతచేయండి.

సర్వే ప్రశ్నలు ఇంగ్లీషులో రాసి తెలుగు చేస్తే అర్థం జారిపోతుంది. "మీకు రాజకీయాల్లో ఆసక్తి ఉందా?" అంటే "మాకెందుకండీ ఆ రాజకీయాలు" అనే వస్తుంది, ఆ మనిషి రోజూ టీకొట్టు దగ్గర రెండు గంటలు పార్టీల గురించే వాదిస్తున్నా. మన భాషలో రాజకీయమంటే కుట్ర, గొడవ. "ప్రభుత్వం మీద నమ్మకముందా?" అంటే అధికారంలో ఉన్న ముఖ్యమంత్రి మీద ఉందా అని వింటారు. తహసీల్దార్ ఆఫీసు, రేషన్ దుకాణం, పోలీస్ స్టేషన్ అని విడివిడిగా అడగండి. అసలు సర్వేకి ముందు పదిహేను ఇరవై మందితో సరిచూసుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వెళ్లేవాళ్లకు ఇంకో ముడి ఉంది: 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ వాళ్లు ఇండియాలో పరిశోధన చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి.

వీసాలో రెండు విషయాలు. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) మీద మీ కోర్సుకి ఆరంకెల సీఐపీ కోడ్, అంటే అది ఏ సబ్జెక్టో చెప్పే నంబరు, ఉంటుంది. 45.1001 అంటే మామూలు పొలిటికల్ సైన్స్, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలోది కాదు, ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పనిచేసే అనుమతి) 12 నెలలే. 45.0102 అంటే సోషల్ సైన్సెస్ పరిశోధన పద్ధతులు. అది 2022 జనవరిలో స్టెమ్ జాబితాలో చేరింది, దానికి ఇంకో 24 నెలలు దొరుకుతాయి. ఏ డిపార్ట్‌మెంట్ ఏ కోడ్ వాడుతోందో చేరకముందే ఈమెయిల్లో అడగండి. చదువు చివర్లో మార్పించుకుందామంటే కుదరదు. రెండోది ఫీల్డ్‌వర్క్. ఐదు నెలలకు మించి అమెరికా బయట ఉంటే స్టేటస్ చిక్కుల్లో పడుతుంది, కానీ థీసిస్ ఫీల్డ్‌వర్క్ కోసం ఫుల్‌టైమ్ ఎన్‌రోల్ అయ్యి సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు యాక్టివ్‌గా ఉన్నవాళ్లకు ఆ లెక్క వర్తించదు. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) కలిసి ఎన్‌రోల్‌మెంట్ ఖాయం చేసుకుని, ఐ-20 మీద ట్రావెల్ సిగ్నేచర్ (తిరిగి రావడానికి కావలసిన సంతకం) వేయించుకోండి, అది ఏడాదే చెల్లుతుంది. మీ వీసా స్టాంపు ఐదేళ్లదైతే ఆరో ఏడాదిలో బయటికెళ్లి తిరిగి రావడానికి సరిపోదు. ఫీల్డ్‌వర్క్‌కి ఇంటికెళ్లినప్పుడే స్టాంపింగ్ స్లాట్ బుక్ చేసుకోండి, తిరుగు టికెట్ తర్వాత కొనండి.