ఫ్రేము కట్టించే ఫోటోకి ఎన్ని పిక్సెల్స్ ఉండాలి?

మీ అన్న తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మొక్కు తీర్చుకుంటూ బైరాగి వేషం వేశారు. ఆ ఫోటోను 12×18 అంగుళాల ఫ్రేము కట్టించాలి, దానితో పాటు మరో పన్నెండు ఫోటోలు జాతర గురించి మీరు రాస్తున్న వెబ్ పేజీలో పెట్టాలి. షాపులో మాత్రం "ఇది 72 డీపీఐ ఉంది, 300 చేసి తీసుకురండి" అన్నారు. మీరు అడిగింది ఇదే కదా. ఫోటో పిక్సెల్స్ అనే చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది, అంగుళానికి ఎన్ని చుక్కలు వస్తాయో చెప్పే అంకే డీపీఐ. ఆ 72 చూసి టెన్షన్ పడకండి. ఫోటో మంచిదో కాదో ఆ అంకె చెప్పదు. కానీ దాన్ని 300 "చేయడం" దగ్గరే నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మా నాయన పోయారు. ఉత్తరక్రియలకు పెట్టే ఫోటో కోసం ఇంట్లో అందరి ఫోన్లూ వెతికాం. చంద్రగిరి కోట దగ్గర మా తమ్ముడు తీసిన ఒక ఫోటోలో నాయన నవ్వుతూ ఉన్నారు. అమ్మ అదే కావాలంది. అది మా ఫ్యామిలీ గ్రూపులో ఉంటే దించుకుని, పెన్ డ్రైవులో వేసుకుని, తిరుపతిలో ఒక షాపుకు వెళ్లాను. కంప్యూటర్ దగ్గర ఉన్నతను 72 అని ఉన్న చోట 300 కొట్టాడు. ఫైలు ఒక్కసారిగా పెద్దదైంది. ఇక ఫరవాలేదనుకున్నాను. మరుసటి రోజు ఫ్రేము తెచ్చి గోడకు ఆనించాక అమ్మ దగ్గరికి వెళ్లి చూసి, "కళ్లు ఆయనవి కావు రా" అంది. నిజమే. మీసం మసి పూసినట్టు ఉంది, బుగ్గల మీద చిన్న చిన్న చదరాలు కనిపిస్తున్నాయి. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

జరిగింది ఏమిటంటే, గ్రూపులోంచి దించుకున్న ఆ ఫోటోలో ఉన్నవి 1200×1600 పిక్సెల్స్ మాత్రమే. 1600ను 18 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 89 పిక్సెల్స్ వస్తాయి. 300 కొట్టగానే సాఫ్ట్‌వేర్ దాన్ని సుమారు 5000×6667 పిక్సెల్స్‌గా సాగదీసింది. కొత్తగా వచ్చిన పిక్సెల్స్ అన్నీ పక్కవాటిని చూసి ఊహించి నింపినవే. పలచటి మజ్జిగలో ఇంకో చెంబు నీళ్లు పోస్తే చిక్కబడదు కదా. ఆ చదరాలు జేపెగ్ కుదింపు వల్ల, అంటే ఫోటో ఫైలు సైజు తగ్గించే పద్ధతి వల్ల వచ్చినవి. ఆ పద్ధతిలో ఫోటోను 8×8 పిక్సెల్స్ ముక్కలుగా విడగొట్టి కుదిస్తారు. ఎక్కువ కుదిస్తే ఆ ముక్కల అంచులు బయటపడతాయి. చేతిలో ఫోన్ తెర మీద కనిపించవు, ప్రింటులో దాక్కోలేవు.

తర్వాత తమ్ముడి ఫోన్లోంచి అసలు ఫైలు తెప్పించాను. 3000×4000 ఉంది. 18 అంగుళాల మీద అంగుళానికి 222 పిక్సెల్స్ వచ్చాయి. రెండోసారి ప్రింట్ చేయిస్తే మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా వేరుగా తెలిశాయి. అది ఇప్పటికీ మా హాల్లో ఉంది.

అందుకని మీరు చూడాల్సింది పిక్సెల్స్ లెక్క ఒక్కటే. ఫోటో వివరాల్లో పొడవు, వెడల్పు ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో చూసి, ప్రింటు అంగుళాలతో భాగించండి. చేతిలో పట్టుకుని చూసే 4×6 ఫోటోకి అంగుళానికి 300 మంచి లెక్క, అంటే 1200×1800 చాలు. 12×18కి అదే 300 కావాలంటే 3600×5400 ఉండాలి, ఫోను ఫోటోల్లో చాలావాటికి అంత ఉండదు. గోడ మీది ఫోటోకి అంత అవసరం కూడా లేదు. మామూలు చూపు అడుగు దూరం నుంచి అంగుళానికి సుమారు 290 చుక్కలను విడదీసి చూడగలదు. మూడడుగుల దూరానికి అది 95కి పడిపోతుంది, పదడుగులకు 30 లోపే. జాతర ఫ్లెక్సీలు అంత తక్కువ పిక్సెల్స్‌తో కూడా వీధిలో బాగానే కనిపించడానికి కారణం అదే. కానీ ఇంట్లో ఫ్రేము దగ్గరికి జనం వస్తారు. దండ వేసేటప్పుడు, బొట్టు పెట్టేటప్పుడు మూరెడు దూరం కూడా ఉండదు. నా అభిప్రాయంలో 12×18కి 200 ఉంటే నిశ్చింతగా వేయించవచ్చు, 150 అయితే సర్దుకోవచ్చు, 100 దగ్గరుంటే సైజు తగ్గించుకోవడం మేలు.

ఒక చోట మాత్రం ఈ లెక్క కూడా మోసం చేస్తుంది. జాతర జనంలో ముందుకు వెళ్లలేక జూమ్ చేసి తీశారా? ప్రత్యేకంగా జూమ్ లెన్సు లేని ఫోనులో రెండింతలు జూమ్ చేస్తే కెమెరా చూసిన దానిలో నాలుగో వంతు, నాలుగింతలు చేస్తే పదహారో వంతు మాత్రమే మిగులుతుంది. దాన్నే మళ్లీ 3000×4000కి సాగదీసి దాచే ఫోన్లు చాలా ఉన్నాయి. వివరాల్లో అంకె నిండుగా ఉంటుంది, ఫోటోలో సరుకు ఉండదు. అనుమానం ఉంటే చిన్న పరీక్ష చేయండి: అసలు ఫోటోలో ముఖం చుట్టూ 888×1332 పిక్సెల్స్ ముక్క కత్తిరించి, 4×6 కాగితం మీద ప్రింట్ తీయించండి. 3000×4000 ఫోటోను 12×18 నిండా వేస్తే ఆ ముఖం ఎలా వస్తుందో అచ్చంగా అలాగే కనిపిస్తుంది. పెద్ద ప్రింటుకి డబ్బు పెట్టేముందు నేను తప్పకుండా చేసే పని ఇది.

ఆకారం సంగతి కూడా చూడండి. ఫోను ఫోటో 3:4, ఫ్రేము 2:3. నిండా వేస్తే రెండు పక్కలా కలిపి 333 పిక్సెల్స్ పోతాయి. మీ అన్న చేతులు చాచి ఉంటే వేళ్లు తెగిపోవచ్చు. అప్పుడు పైనా కిందా అంగుళం చొప్పున ఖాళీ వదిలి, ఫోటో మొత్తం వేయమని అడగండి.

ఫోను వెలుతురు పూర్తిగా పెట్టుకుని చూసిన ఫోటో కాగితం మీదికి వచ్చేసరికి నల్లబడుతుంది. మీ సెట్‌లో 'తోటి వేషం' (ఈ జాతరలో వేసే మరో వేషం) ఫోటోలు ఉంటే వాటితో మరీ జాగ్రత్త, ఒంటికి పూసుకున్న బొగ్గు నలుపులో ముఖకవళికలు కలిసిపోతాయి. నీడలు కొంచెం తేలిక చేసి ఇవ్వండి. బైరాగి వేషంలో తెల్ల పూత ఎండలో వెలిగిపోయి ఉంటే మాత్రం తర్వాత ఏం చేసినా ఆ వివరం తిరిగి రాదు.

వెబ్ పేజీకి డీపీఐతో పనే లేదు. ఆ 72 పాత కాలం నాటిది: 1984లో వచ్చిన మాకింతోష్ తెర మీద అంగుళానికి 72 పిక్సెల్స్ ఉండేవి, అచ్చు అక్షరాల పాయింటు కూడా అంగుళంలో 72వ వంతే. ఇప్పుడు మన చేతిలోని ఫోన్లలో చాలావాటికి 400 దాకా ఉంటాయి. బ్రౌజర్ చూసేది పిక్సెల్స్‌నే. పొడవు వైపు 1600 పెట్టి, జేపెగ్ నాణ్యత 75 నుంచి 80 మధ్య ఉంచితే ఫైలు సాధారణంగా కొన్ని వందల కేబీల్లో సరిపోతుంది. పదమూడు ఫోటోలూ 5 ఎంబీల చొప్పున అలాగే పెట్టేస్తే పేజీ 65 ఎంబీలు అవుతుంది, పల్లెలో సిగ్నల్ సరిగా లేని చోట ఎవరూ తెరవలేరు. కలర్ ఎస్‌ఆర్‌జీబీలో (వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పద్ధతి) ఉంచండి. ఇంటి దగ్గర తీసిన ఫోటో ఏదైనా ఉంటే లొకేషన్ వివరం తీసేసి పెట్టండి.

ఈ చిన్న ఫైళ్లను అసలు ఫోటోల మీదే సేవ్ చేయకండి, వేరే ఫోల్డరులో కాపీగా పెట్టుకోండి. ఫోటో తీసింది వేరేవాళ్లయితే కేబుల్‌తో తీసుకోండి, లేదా వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి. హెచ్‌డీ అని నొక్కి పంపినా కొంత కుదింపు ఉంటుంది, డాక్యుమెంటుగా అయితే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. వాళ్లు ఫోన్ మార్చేలోపే తీసుకోండి.

ఫోటో వివరాల్లో ఎన్ని పిక్సెల్స్ అని ఉందో, జూమ్ వాడారో లేదో ఇక్కడ రాయండి. ఏ సైజు వరకు వెళ్లవచ్చో లెక్కవేసి చెబుతాను.