ఆషాఢంలో ముహూర్తాలు ఆగుతాయి, వాయిదాలు ఆగవు

ప్రశ్న: తణుకులో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. వయసు 36. నాలుగేళ్లుగా పెళ్లిళ్లకు లైవ్ కూడా ఇస్తున్నాను. గత ఏడాది 30 లైవ్‌లు చేశాను, ఒక్కోదానికి రూ.7,000. ఇప్పుడున్న మిర్రర్‌లెస్ కెమెరా వేసవిలో వేడెక్కి మధ్యలో ఆగిపోతోంది. నాలుగుసార్లు అలా జరిగింది. రూ.2,10,000 పెట్టి క్యామ్‌కార్డర్ (వీడియో కోసమే చేసిన కెమెరా) కొనాలనుకుంటున్నాను. షాపువారు 24 నెలలపాటు నెలకు రూ.10,400 వాయిదా చెప్పారు. లేదంటే రూ.1,50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేయాలా? రూ.90,000 బంగారం రుణం ఉంది, కిందటి ఆగస్టు చివర తీసుకున్నాను. ఇంటి ఖర్చు నెలకు రూ.28,000. అలాంటి కెమెరా ఇక్కడ రోజుకు రూ.2,000 అద్దెకు దొరుకుతుంది. ఊళ్లో ఒక చర్చివారు కూడా ఆదివారం ఆరాధనకు లైవ్ అడుగుతున్నారు, వారానికి రూ.2,000 ఇస్తామంటున్నారు. గత ఏడాది లైవ్‌ల లెక్క జతచేశాను. ఏం చేయమంటారు?

జవాబు: క్యామ్‌కార్డర్ కొనండి. కానీ ఈ వేసవికి కాదు, షాపువారి వాయిదాలతో కాదు. డిపాజిట్ మాత్రం అసలు ముట్టుకోకండి.

మీరు పంపిన లెక్కను నెలలవారీగా విడదీసి చూశాను. 30 లైవ్‌లలో 22 నాలుగు నెలల్లోనే జరిగాయి. ఐదు నెలల్లో ఒక్కటీ లేదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, పైగా మూఢం పడిన రోజులు: మీ వృత్తిలో ఇవి ప్రతి ఏటా వచ్చేవే. ఆ ఐదు ఖాళీ నెలల్లో కూడా రూ.10,400 చొప్పున కట్టాలి. అంటే రూ.52,000 లైవ్ ఆదాయం లేకుండానే చేతి నుంచి వెళ్తుంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మీ బంగారం రుణం ఎప్పుడు తీసుకున్నారో చూశాను, ఆగస్టు చివర. కిందటి భాద్రపదంలో జరిగిందే మళ్లీ జరుగుతుందని నా భయం.

ఆ వాయిదా లెక్క కూడా ఒకసారి చూడండి. 24 నెలలకు మొత్తం రూ.2,49,600 కడతారు. అసలు మీద రూ.39,600 ఎక్కువ, అంటే ఏడాదికి సుమారు 17 శాతం వడ్డీ. రేపు అదే షాపువారు ‘వడ్డీ లేని వాయిదా’ అన్నా సంతోషపడకండి. నగదు ధర మీద ఇవ్వాల్సిన తగ్గింపు అందులో పోతుంది. బ్యాంకు వేసే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీ మీదే పడతాయి.

ఇక సొంతమా, అద్దెనా? నాలుగేళ్లు వాడి రూ.80,000కి అమ్మగలరని, మరమ్మతులకూ బీమాకూ ఏడాదికి రూ.6,000 అవుతుందని అనుకుందాం. షాపు వాయిదాల్లో కొంటే ఏడాదికి పడే ఖర్చు రూ.48,400. రోజుకు రూ.2,000 అద్దెతో పోలిస్తే ఏడాదికి కనీసం 25 రోజులు ఆ కెమెరా బయటికి వెళ్లాలి. నగదుకు కొంటే 20 రోజులు చాలు. మీవి 30 కదా, గిట్టుబాటే అనిపిస్తుంది. కానీ నిజంగా ఇబ్బంది పెట్టింది ఎండవేళ జరిగిన పెళ్లిళ్లే. అవి 12. మిగతా 18 పాత కెమెరాతో సాఫీగానే సాగాయి. ఈ 12 రోజులకూ అద్దె రూ.24,000, సొంత కెమెరా ఖర్చులో సగం.

క్యామ్‌కార్డర్ అవసరమే లేదని నేను అనను. మిర్రర్‌లెస్ కెమెరా ప్రధానంగా ఫొటో కోసం పుట్టింది. చిన్న ఒంట్లో పెద్ద సెన్సర్ గంటల తరబడి పనిచేస్తే ఆ వేడి పోయే దారి ఉండదు. క్యామ్‌కార్డర్ పూర్తి పెళ్లిని ఆగకుండా తీయడానికే తయారైంది. కరెంటుకు తగిలించి ఉంచొచ్చు, వేలితో మెల్లగా జూమ్ లాగొచ్చు, చాలా మోడళ్లలో మండపం మైకు ఎక్స్‌ఎల్‌ఆర్ తీగను నేరుగా ఇవ్వొచ్చు. కొనే రోజు వచ్చినప్పుడు ఒక్క విషయం పట్టుబట్టి అడగండి: ఎస్‌డీఐ అవుట్‌పుట్ (వీడియోను దూరానికి పంపే తీగ తగిలించే చోటు) ఉందా? కేనన్ ఎక్స్‌ఏ60, ఎక్స్‌ఏ65 రెండింటికీ 20 రెట్ల జూమ్ ఉంది, కానీ ఎస్‌డీఐ ఉన్నది 65లోనే. పానసోనిక్ హెచ్‌సీ-ఎక్స్1500, ఎక్స్2000 రెండింటికీ 24 రెట్ల జూమ్, ఎస్‌డీఐ 2000లోనే. మామూలు హెచ్‌డీఎంఐ తీగను పది పదిహేను మీటర్లు దాటితే నమ్మలేం. ఎస్‌డీఐ తీగ దాదాపు వంద మీటర్లు లాగినా పనిచేస్తుంది. మండపం ముందు కెమెరా, భోజనాల హాలు పక్కన కంప్యూటర్ పెట్టుకునే మీకు ఆ తేడా ప్రతి పెళ్లిలో తెలుస్తుంది. 4కే కోసం మాత్రం లైవ్ పేరుతో ఎక్కువ ఇవ్వకండి. చూసేవారిలో చాలామంది ఫోనులో 1080పీకి మించి చూడరు.

కెమెరా కన్నా ముందు మీరు డబ్బు పెట్టాల్సిన చోటు ఇంకొకటి ఉంది. మూడేళ్ల కిందట మా పిన్ని కూతురి పెళ్లి, తెల్లవారుజామున 3:12కి ముహూర్తం. వీసా చిక్కువల్ల రాలేకపోయిన పెళ్లికూతురి అన్న న్యూజెర్సీలో సాయంత్రం 5:42కి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. సరిగ్గా జీలకర్ర-బెల్లం వేళకు అతని తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తు ఒకటే మిగిలింది. ఇక్కడ కెమెరా ట్రైపాడ్ మీద నిక్షేపంగా ఉంది, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. వేదిక కింద హాట్‌స్పాట్‌గా పెట్టిన ఫోనులో ఆ రోజు డేటా అయిపోయింది. రీచార్జి చేయడానికి వణుకుతున్న వేళ్లతో లైవ్ ఇస్తున్న అబ్బాయి పడ్డ తిప్పలు నేను పక్కనే నిలబడి చూశాను. సెకనుకు 6 మెగాబిట్లు పంపితే గంటకు 2.7 జీబీ అవుతుంది. నాలుగు గంటల పెళ్లికి దాదాపు 11 జీబీ. రోజుకు 2 జీబీ ప్లాను గంట కూడా రాదు. అందుకే రూ.10,000 పక్కన పెట్టి రెండు వేర్వేరు నెట్‌వర్కుల సిమ్‌లు, ఒక రూటర్, కరెంటు పోతే దాన్ని నడిపే చిన్న యూపీఎస్ కొనండి. అది ఈ వారమే చేయండి.

ఇక పన్ను. కట్టిన జీఎస్టీ తిరిగి వచ్చేస్తుందని షాపువారు చెబుతారు, అది సగమే నిజం. రూ.2,10,000లో జీఎస్టీ 18 శాతం, అంటే సుమారు రూ.32,000. మీరు జీఎస్టీలో మామూలు పద్ధతిలో నమోదై ఉంటేనే అది తిరిగి సర్దుబాటవుతుంది. సేవలకు ఏడాది టర్నోవరు రూ.20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి, మీరు దానికి దూరంగానే ఉన్నారు. దీనికోసమే నమోదు చేసుకుంటే పెళ్లివారిని 18 శాతం అదనంగా అడగాలి, ఎవరూ ఇవ్వరు. తరుగుదల (వస్తువు పాతబడిన మేరకు ఆదాయపు పన్ను లెక్కలో తీసేసే మొత్తం) ఏడాదికి 15 శాతం, 180 రోజుల కన్నా తక్కువ వాడిన మొదటి ఏడాది అందులో సగం. అది కూడా లెక్కల పుస్తకాలు రాసేవారికే. టర్నోవరులో 6 లేదా 8 శాతం లాభంగా చూపి రిటర్ను వేసేవారికి తరుగుదల విడిగా రాదు. ఎలా కొన్నా బిల్లు స్టూడియో పేరున, చెల్లింపు బ్యాంకు ద్వారా ఉండాలి. ఒకే రోజు రూ.10,000 మించి నగదుగా ఇచ్చిన దానిమీద తరుగుదల ఒప్పుకోరు.

ఇక మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన చర్చి సంగతి. ఈ మొత్తం ప్రశ్నకు తాళంచెవి అదే. వారానికి రూ.2,000 అంటే 52 ఆదివారాలకు రూ.1,04,000. దానికి ముహూర్తం లేదు, మూఢం లేదు. ఆదివారం పెళ్లి పడినప్పుడు చర్చికి వెళ్లేందుకు ఒక సహాయకుడిని తయారుచేసి, అతనికి వారానికి రూ.500 ఇచ్చినా మీకు రూ.78,000, అంటే నెలకు రూ.6,500 మిగులుతుంది. చర్చిలో ఫ్యాన్ల కింద రెండు గంటల పనికి మీ పాత కెమెరా చాలు. వారికి సొంత చానల్ లేకపోతే రెండు మూడు రోజుల ముందే తెరవండి. కొత్త చానల్‌కు యూట్యూబ్ లైవ్ అనుమతి రావడానికి 24 గంటల వరకు పడుతుంది, శనివారం రాత్రి మొదలుపెడితే మొదటి ఆదివారమే మాట పోతుంది.

ఈ ఏడాది చర్చి డబ్బంతా బంగారం రుణానికి కట్టండి. అసలులో ఎక్కువ భాగం తీరుతుంది, మిగిలింది సీజను డబ్బుతో తీర్చి నగలు ఇంటికి తెచ్చేయండి. ప్రతి పెళ్లి లైవ్‌లో సగం, రూ.3,500, వేరే ఖాతాలో వేయండి. 30 లైవ్‌లకు రూ.1,05,000. అందులో అద్దె రూ.24,000, ఇంటర్నెట్ సామాను రూ.10,000 పోగా రూ.71,000 మిగులుతుంది. వచ్చే ఏడాది ఇదే సమయానికి ఆ రూ.70,000 ముందు కట్టి, మిగతా రూ.1,40,000కి బ్యాంకులో చిన్న వ్యాపారులకిచ్చే ముద్రా రుణం అడగండి. రూ.50,000 దాటి 5 లక్షల వరకు ఇచ్చే కిశోర్ తరగతి కిందికి వస్తుంది, తాకట్టు అక్కర్లేదు. వడ్డీ 11 శాతం అనుకుంటే 24 నెలలకు వాయిదా సుమారు రూ.6,500, మొత్తం వడ్డీ రూ.16,600. చర్చి నుంచి నెలకు మీకు మిగిలేది కూడా రూ.6,500. భాద్రపదంలోనూ వాయిదా దానంతట అదే తీరుతుంది.

డిపాజిట్ ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. నెలకు రూ.28,000 ఖర్చున్న ఇంటికి రూ.1,50,000 అంటే అయిదు నెలల కన్నా కొంచెం ఎక్కువ. మీకు లైవ్ ఆదాయం లేని నెలలూ అయిదే.

చర్చివారు కనీసం ఏడాదికి అని కాగితం మీద రాసిస్తే, మూడు నెలలు డబ్బు సకాలంలో వస్తే, ఏడాది ఆగనవసరం లేదు. అప్పటికి చేతిలో ఉన్నంత ముందు కట్టి రుణానికి వెళ్లండి. ఈలోగా వేసవి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి, అద్దె కెమెరాలు మిగతా స్టూడియోలవారికీ కావాలి. ఆ 12 తేదీలకు ఇవాళే అడ్వాన్సు ఇచ్చి రసీదు తీసుకోండి.