పన్ను చెప్పినంతే రాయి

చి. సౌమ్యకు ఆశీస్సులు.

నైరుతి ఫ్రాన్స్‌లోని జోంజాక్ అనే పాతకాలపు వేట స్థలంలో దొరికిన రెయిన్‌డీర్‌ల (మంచు ప్రాంతపు జింకల) మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది, విషయం మీద ప్రేమ ఉంది. కానీ మొదటి పేరాలోనే "ఈ మందలు ఏటా 600 కిలోమీటర్లు వలస వెళ్లేవని ఎముకలు తేల్చాయి" అని రాసేశావు. ఏ ఎముక తేల్చింది? ఎలా తేల్చింది? ఆ 600 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ మూడింటికీ వ్యాసంలో ఎక్కడా జవాబు లేదు. తవ్వకంలో దొరికిన ఒక్కో ముక్క ఒక్కో సంగతికే సాక్ష్యం. దాన్ని రెండో సంగతికి బోనెక్కించడం దగ్గరే వ్యాసం చెడుతుంది.

ముందు వయసు సంగతి చూద్దాం. ఇది మన పాఠకుడికి సులువుగానే ఎక్కుతుంది. ఎద్దు నోరు తెరిచి రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా అని చెప్పే రైతులు మనకు ఊరూరా ఉన్నారు. బండలాగుడు పోటీల్లో విభాగాలు కూడా ఆ లెక్క మీదే. అయితే రైతు చూసేది ముందుపళ్లు, తవ్వకాల్లో చూసేది దవడపళ్లు. రెయిన్‌డీర్ దూడలన్నీ మే, జూన్ నెలల్లో, కొద్ది వారాల తేడాతో పుడతాయి. అందుకే 5 నెలల దూడ దవడ దొరికితే అది అక్టోబరు, నవంబరు ప్రాంతంలో చచ్చిందని లెక్క కట్టొచ్చు. పెద్ద జంతువైతే పంటి వేరు చుట్టూ ఏటేటా పేరుకునే పొరలను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు, చెట్టు వలయాల్లాగా. పారిస్‌కు ఆగ్నేయంగా సెన్ నది ఒడ్డున ఉన్న పాన్సువాన్‌లో వేట శరత్కాలంలో సాగిందని తేల్చింది ఇలాంటి పళ్లే.

కానీ ఇక్కడ నువ్వు తొందరపడ్డావు. శరత్కాలంలో చచ్చాయి కాబట్టి శరత్కాలంలోనే అటు వచ్చాయి అనేశావు. ఆ కాలంలో అక్కడికి వచ్చింది మనుషులేమో! జంతువులు ఏడాది పొడుగునా అక్కడే మేస్తూ ఉండి ఉండొచ్చు. చచ్చిన నెల వేరు, తిరిగిన దారి వేరు. పైగా రెయిన్‌డీర్‌లన్నీ వలస పోవు. స్వాల్‌బార్డ్ దీవుల్లోవి పోవు. అలాస్కా, కెనడాల్లో కొన్ని మందలు మాత్రం రానూపోనూ 1,200 కిలోమీటర్లు దాటి నడుస్తాయి. నేటి మందల దూరం తెచ్చి పాతవాటికి అంటగట్టకు.

కొమ్ముల దగ్గర మన భాషే మనల్ని ఇబ్బంది పెడుతుంది. ఎద్దుకున్నదీ కొమ్మే, దుప్పికున్నదీ కొమ్మే. మొదటిది జీవితాంతం ఉంటుంది, రెండోది ఏటా రాలి మళ్లీ మొలుస్తుంది. రెయిన్‌డీర్‌ది దుప్పి కొమ్ము లాంటిది, కాకపోతే ఆడవాటికీ ఉంటుంది. ఈ ఒక్క వాక్యం రాయకపోతే తర్వాతి పేజీ ఎవరికీ అర్థం కాదు. ఈడొచ్చిన మగవి ఎదకాలం అయ్యాక, చలికాలం మొదట్లో కొమ్ములు రాలుస్తాయి. చూలువి ఈనేదాకా మోసి, ఈనిన కొద్ది రోజులకు వదిలేస్తాయి. అలాస్కా టండ్రాలో ఈనే చోట్ల అలా రాలిన ఆడ కొమ్ములు వందల ఏళ్లుగా, కొన్నైతే వేల ఏళ్లుగా నేల మీదే పడి ఉన్నాయి. కొమ్ము పెరిగేది వేసవిలో కాబట్టి దాని రసాయనం వేసవి మేత చోటు చెబుతుంది, పడిన చోటు ఈనిన తావు చెబుతుంది. రెండు సంగతులూ ఒకే కొమ్ములో దొరకడం ఎంత గొప్ప విషయమో రాయి, సంకోచించకు. తవ్వకంలో దొరికిన కొమ్మైతే దాని అడుగుభాగం చూడాలి. పుర్రెముక్క అంటుకుని ఉంటే వేటాడినది. అడుగు గుండ్రంగా, గరుకుగా ఉంటే రాలినది. రాలినదాన్ని పనిముట్ల కోసం ఎవరైనా ఎప్పుడైనా ఏరుకొచ్చి ఉండొచ్చు, అది వేట కాలానికి సాక్ష్యం కాదు.

ఇక అసలు విషయం, స్ట్రాన్షియం అనే మూలకం. ఇది రాతిలోంచి మట్టికి, మట్టిలోంచి గడ్డికి, గడ్డిలోంచి జంతువుకి చేరి, ఒంట్లో కాల్షియం ఉండాల్సిన చోట కూర్చుంటుంది. రాతిలోని రుబీడియం 87 అనే మరో మూలకం క్షీణించి స్ట్రాన్షియం 87 అవుతుంది (87, 86 అంటే ఒకే స్ట్రాన్షియంలో బరువు తేడా ఉన్న రూపాలు). సగం క్షీణించడానికి దాదాపు 4,900 కోట్ల ఏళ్లు పడుతుంది. అందువల్ల రుబీడియం ఎక్కువున్న పాత గ్రానైట్‌లో స్ట్రాన్షియం 87కీ 86కీ నిష్పత్తి 0.710 దాటి ఇంకా పైకి పోతుంది. సముద్రపు సున్నపురాయిలో 0.707 నుంచి 0.709 మధ్య ఉంటుంది. తేడా అంతా మూడో దశాంశంలోనే ఉంది కాబట్టి "ఎక్కువ, తక్కువ" అని వదిలేయకు, అంకెలు వెయ్యి. హైదరాబాద్ గ్రానైట్ గుట్టనూ తాండూరు నాపరాయినీ ఎరిగిన పాఠకుడికి రెండు నేలల తేడా ఇట్టే పట్టుబడుతుంది.

"ఎముకల్లో కొలిచారు" అని రాశావు. కాదు, పంటి పింగాణిలో కొలిచారు. ఎముక బతికున్నన్నాళ్లూ కొత్తబడుతూ ఉంటుంది, పాతిపెట్టాక గుల్లగా ఉండి భూగర్భజలంలోని స్ట్రాన్షియాన్ని పీల్చుకుంటుంది. అలాంటి ఎముకను కొలిస్తే తెలిసేది జంతువు తిరిగిన నేల కాదు, అది పూడిన నేల. పింగాణి ఒకసారి గట్టిపడితే మారదు. అది పంటి కొసన మొదలై చిగురు వైపు దిగుతుంది కాబట్టి పైభాగం ముందు నెలలది, కిందిభాగం తర్వాతి నెలలది. మొదటి దవడపన్ను తల్లి కడుపులోనే మొదలై పాల మీద పెరుగుతుంది, అందుకని రెండోదాన్నీ మూడోదాన్నీ తీసుకుంటారు.

పని ఎలా జరుగుతుందో పాఠకుడికి చూపించు. వజ్రపు మొన ఉన్న సన్నటి డ్రిల్లుతో పంటి పైపొర గీకేస్తారు. మ్యూజియంలో పూసిన జిగురు, మట్టి పోవాలి. తర్వాత పన్ను ఎదిగిన దిక్కుకు అడ్డంగా, ఒకటి రెండు మిల్లీమీటర్ల పట్టీలుగా కొస నుంచి అంచు దాకా పొడి తీస్తారు. ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తున్న పంట్లో ఎనిమిది, పది పట్టీలొస్తాయి. డ్రిల్లు కాస్త లోతుకు దిగితే పింగాణి అడుగునున్న పసుపు పంటి పదార్థం, డెంటిన్, కలుస్తుంది, దాంతో ఆ పట్టీ పాడైనట్టే. నిలువుగా ఒకటే గాటు పెడితే నెలలన్నీ కలిసి సగటు మాత్రం మిగులుతుంది. ముసలిదాని పన్ను అరిగిపోయి తొలి నెలలే ఉండవు. తీసిన పొడిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, రెజిన్ గొట్టంలో స్ట్రాన్షియాన్ని వేరు చేసి, పరమాణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలుస్తారు. అదే పంటి పట్టీల్లో ఆక్సిజన్ ఐసోటోపులు (బరువు తేడా ఉన్న రూపాలు) కూడా చూస్తారు. బరువైన ఆక్సిజన్ 18 వేసవిలో ఎక్కువ, చలికాలంలో తక్కువ. ఈ అలను స్ట్రాన్షియం గీత పక్కన పెడితే ఏ రుతువులో ఏ నేల మీద మేసిందో కనబడుతుంది. పింగాణి గట్టిపడటానికే నెలలు పడుతుంది కాబట్టి మలుపులు నున్నబడతాయి. "మార్చి 10న బయలుదేరింది" లాంటి మాట పన్ను చెప్పలేదు.

జోంజాక్ ఉన్నది సున్నపురాతి నేల మీద. తూర్పున మాసిఫ్ సెంట్రాల్ అనే ఎత్తైన ప్రాంతంలో పాత గ్రానైట్లున్నాయి, అందుకే అక్కడ ఈ పద్ధతి పలికింది. పురావస్తు పరిశోధకురాలు కేట్ బ్రిటన్ బృందం 2009లో అలాస్కా కారిబూ (అక్కడి రెయిన్‌డీర్) పళ్ల మీద పద్ధతిని సరిచూసుకుని, 2011లో జోంజాక్ ఫలితాలు ప్రచురించింది. మూడు రెయిన్‌డీర్ పళ్లలో ఒకే తీరు మార్పు కనబడింది, అక్కడే దొరికిన బైసన్ (అడవిదున్న లాంటి జంతువు) పంట్లో ఆ తీరు లేదు. మూడే జంతువులని తప్పక రాయి. ఆ సంఖ్య దాచితే చదివేవాళ్లు వందలనుకుంటారు.

గీత చదునుగా వచ్చినంత మాత్రాన జంతువు కదల్లేదని కాదు. రెండు కొసల్లోనూ ఒకే రకం రాయి ఉంటే ఎంత నడిచినా గీత చదునే. జర్మనీలో హాంబర్గ్ దగ్గరి స్టెల్‌మూర్ అనే మరో పాత వేట స్థలం వైపు చిక్కు ఇంకోలా ఉంది. 1930లలో ఆల్ఫ్రెడ్ రుస్ట్ తవ్వినప్పుడు అక్కడ వేల రెయిన్‌డీర్ ఎముకలు, వందకు పైగా పైన్ చెక్క బాణపు కర్రలు దొరికాయి. కర్రలు రెండో ప్రపంచయుద్ధంలో పోయాయి. ఆ ఉత్తర జర్మనీ మైదానంలో హిమానీనదాలు స్కాండినేవియా రాళ్లను పిండి చేసి తెచ్చి పరిచేశాయి, నేలల తేడా మసకబారింది. పైగా అప్పటి మేతభూమిలో ఎంతో భాగం ఇప్పుడు ఉత్తర సముద్రం కింద ఉంది.

ఏ నేలలో ఏ అంకె ఉంటుందో పోల్చుకోవడానికి నేటి గడ్డి, నత్తలు, ఎలుకల పళ్లు సేకరిస్తారు. పొలాల్లోవి పనికిరావు, చల్లిన సున్నం అంకె మార్చేస్తుంది. రెయిన్‌డీర్ చలికాలంలో మేసే, నాచు లాంటి లైకెన్‌కు వేళ్లుండవు, అది గాలిలోని దుమ్ము నుంచీ వాన నుంచీ తీసుకుంటుంది. దాన్ని విడిగా కొలవాలి.

ఇప్పుడు 600 కొట్టేసి, "కనీసం రెండు రకాల నేలల మధ్య రుతువును బట్టి తిరిగాయి" అని రాయి. వ్యాసంలో వేసిన గ్రాఫు కింద ఏ పన్ను, ఎన్ని పట్టీలు, కొస ఏ వైపుందో కూడా రాసి పంపు. ఎడమ, కుడి దవడలు ఒకే జంతువువేమో చూసుకున్నారా అన్నది అసలు పత్రంలో వెతుకు. దొరికితే ఆ వాక్యం గ్రాఫుకు ముందే పెట్టు.