మూడో వారం చూడు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

పన్నెండేళ్ల తర్వాత మళ్లీ పాడుతున్న ఆ సోల్ (అమెరికా నల్లజాతివారి మధ్య పుట్టిన సంగీతం) గాయని ఆల్బం ఎంత అమ్ముడుపోతుందో లెక్క వేసి ఇమ్మన్నారని, టెన్షన్‌గా ఉందని రాశావు. న్యూజెర్సీలో ఇరవై ఏళ్లు సీడీల షాపు నడిపినవాణ్ని కదా, నాకు తెలిసింది చెబుతాను.

ఆవిడ ఎన్నేళ్లు కనిపించలేదన్నది పక్కన పెట్టు. ఆవిడ పాత ఆల్బంలు ఇప్పటికీ కదులుతున్నాయా? ముందు అది చూడు. బ్రిటిష్ గాయని షాడే 2000 నవంబర్‌లో 'లవర్స్ రాక్' తెచ్చాక దాదాపు పదేళ్లు కొత్త స్టూడియో ఆల్బం తేలేదు. అయినా ఆ పదేళ్లూ ఆవిడ పాత సీడీలు నేను తెప్పిస్తూనే ఉన్నాను. 2010 ఫిబ్రవరిలో, సరిగ్గా వాలెంటైన్స్ డే ముందు, 'సోల్జర్ ఆఫ్ లవ్' వచ్చింది. అమెరికాలో మొదటి వారమే 5,02,000 కాపీలు పోయాయి. అంతకంటే ముఖ్యం, అమెరికాలో ఆల్బంల అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్‌లో మూడు వారాలు మొదటి స్థానంలోనే ఉంది. మొదటి వారం కొనేది ఎదురుచూసినవాళ్లు. మూడో వారం వచ్చేవాళ్లు ఎవరింట్లోనో విని, నచ్చి వస్తారు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఇంకో గాయకుడు చాలా ఏళ్లకు వస్తున్నాడని నాలుగు పెట్టెలు తెప్పించాను. మొదటి రోజు షాపు నిండిపోయింది. పది రోజులకల్లా అడిగేవాళ్లే లేరు. ఆయన పాత సీడీలు అప్పటికే ఏళ్లుగా కదలడం లేదన్న సంగతి నాకు కనిపిస్తూనే ఉంది, నేనే పట్టించుకోలేదు.

పాత అంకెల పక్కన కొత్త అంకెలు పెట్టి భయపడకు. అమెరికా సోల్ గాయకుడు డి'యాంజెలో ఆల్బం 'వూడూ' 2000 జనవరిలో మొదటి వారం 3,20,000 అమ్మింది. దాదాపు పదిహేనేళ్ల తర్వాత, 2014 డిసెంబర్‌లో, పెద్దగా ప్రచారం లేకుండా వచ్చిన 'బ్లాక్ మెసయ్య' 1,17,000తో ఐదో స్థానంలో మొదలైంది. పాటలో లోటేమీ లేదు, 2016లో గ్రామీ కూడా వచ్చింది. ఆ మధ్యకాలంలో సీడీ కొనే అలవాటే పోయింది. 2025 అక్టోబర్‌లో ఆయన పోయారని తెలిసిన రాత్రి ఆ రెండూ మళ్లీ పెట్టుకుని విన్నాను. మనసు చాలా బాధపడింది.

ఇంకొకటి. ప్రచారం డబ్బంతా మొదటి వారానికే ఖర్చు పెట్టనివ్వకు, సగమైనా కచేరీలకు దాచమని గట్టిగా రాయి. మీ గాయని శ్రోతలకు ఇప్పుడు నలభై, యాభై ఏళ్లుంటాయి. మనసుకు దగ్గరైన గొంతు ఎదురుగా వినాలంటే టికెట్‌కు వెనకాడరు. కానీ హాళ్లు బుక్ చేసే ముందు రిహార్సల్‌కి వెళ్లు. గంటన్నర పాడినా గొంతు నిలుస్తోందో లేదో నువ్వే కూర్చుని విను.

రిపోర్ట్ పంపేముందు ఒకసారి ఫోన్ చెయ్యి. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

మీ మావయ్య