పుట్టినరోజుకి ఇచ్చిన కుక్కపిల్ల ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నేనూ, నాతో పనిచేసే అతనూ నాలుగేళ్లు ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం. పెళ్లి చేసుకోలేదు. నా పుట్టినరోజుకి అతను ఆడ లాబ్రడార్ పిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. జూలీ అని పేరు పెట్టాను. స్నానం, తిండి, జబ్బు చేస్తే రాత్రంతా మేలుకోవడం అన్నీ నేనే. విడిపోయాక హాస్టల్‌కి మారాను. అక్కడ కుక్కల్ని రానివ్వరని, 'ఇల్లు దొరికేదాకా చూసుకో' అని అతని దగ్గర ఉంచాను. రెండు నెలల తర్వాత అడిగితే 'డబ్బు కట్టింది నేను, ఇవ్వను' అని మెసేజ్ పెట్టాడు. కోపంలో 'నువ్వే ఉంచుకో, నాకేమీ వద్దు' అని రాశాను. ఇది జరిగి రెండేళ్ల తొమ్మిది నెలలైంది. ఇప్పుడతను విశాఖపట్నంలో వాళ్లమ్మతో ఉంటున్నాడు. జూలీ ఆరు పిల్లల్ని పెడితే అన్నీ అమ్మేశాడని తెలిసింది. వాళ్లమ్మ రోజూ పొద్దున్నే జూలీని వాకింగ్‌కి తీసుకెళ్తుంది. నేను పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. వెళ్లి తెచ్చుకోవచ్చా? తల్లిలా పెంచిన నాకు కస్టడీ రాదా?

జవాబు: మీ ఉత్తరం అసలు ఆరు పేజీలు. అందులో ఐదు పేజీలు కోర్టుకి అక్కర్లేదు. ఎవరు స్నానం చేయించారు, ఎవరు నిద్ర మానుకున్నారు అన్నది జడ్జిగారు ఓపిగ్గా వినొచ్చు, కానీ దాని మీద తీర్పు రాయరు. పనికొచ్చే వాక్యం ఒక్కటే: 'నా పుట్టినరోజుకి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.'

ముందు కస్టడీ అన్న మాట వదిలేయండి. పిల్లల విషయానికైతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది, కుక్కలకు అలాంటిదేమీ లేదు. పెళ్లి కాలేదు కాబట్టి ఫ్యామిలీ కోర్టుకీ వెళ్లలేరు. గృహహింస కేసు వేసి బెదిరించమని ఎవరో చెప్పారని రాశారు. మీ ఆరు పేజీల్లో హింస అన్న మాట ఎక్కడా లేదు. లేనిది పుట్టిస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది కూలిపోతుంది, దాంతో పాటు మీరు చెప్పే నిజాన్ని కూడా నమ్మరు.

చట్టం దృష్టిలో జూలీ చరాస్తి. మీకిది చేదుగానే ఉంటుంది. జంతువులకూ గౌరవంగా బతికే హక్కుందని 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయినా ఇద్దరు మనుషులు ఒక కుక్క కోసం కోర్టుకొస్తే ముందు అడిగేది యజమాని ఎవరనే.

అతను డబ్బు కట్టానంటాడు. కట్టాడు, కాదనకండి. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం చరాస్తిని బహుమతిగా ఇవ్వడానికి కాగితం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేతికిస్తే చాలు. అతను ఇచ్చి, మీరు పుచ్చుకున్నప్పుడే జూలీ మీదైంది. తర్వాత మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు.

మరి ఇచ్చాడనడానికి రుజువేది? ఇక్కడే మిమ్మల్ని తిట్టాలనిపిస్తోంది. వెటర్నరీ డాక్టర్ కార్డులో ఓనర్ అని అతని పేరు. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్‌కి అతని ఫోన్ నంబరు. జీహెచ్‌ఎంసీ లైసెన్సు అసలు తీసుకోనే లేదు. పుట్టినరోజు నాటి చాట్‌లు ఫోన్ మార్చినప్పుడు పోయాయి. కుక్క జబ్బుపడితే రాత్రంతా కూర్చున్న మనిషికి, కార్డు మీద తన పేరు రాయించుకోవడానికి రెండు నిమిషాలు దొరకలేదా? కార్డు మీద పేరున్నంత మాత్రాన అతను యజమాని అయిపోడు, కానీ ఆ పేరు ఎందుకుందో వివరించాల్సిన పని మీకు పడింది.

అదృష్టం కొద్దీ చివరి పేజీలో, అప్పుడే గుర్తొచ్చినట్టు, స్నేహితురాలి ఫోన్‌లో పుట్టినరోజు వీడియో ఉందని రాశారు. కేకు పక్కన అట్టపెట్టె, అందులో మెడకి ఎర్ర రిబ్బన్ కట్టిన పిల్ల, వెనక నుంచి 'తీసుకో, ఇది నీదే' అంటున్న అతని గొంతు. మీ కేసంతా ఆ 'నీదే'లో ఉంది. ఆ వీడియోని వాట్సాప్‌లో తెప్పించుకుని సరిపెట్టుకోకండి, క్వాలిటీ తగ్గుతుంది, తేదీ వివరాలు పోతాయి. ఫోన్ నుంచి కేబుల్‌తో నేరుగా కాపీ చేయించండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం ఫోన్ ఎవరిదో వారు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి.

ఇక 'నువ్వే ఉంచుకో' అన్న మెసేజ్. అవతలి లాయర్ మొదట ఎత్తేది అదే. కుక్క అప్పటికే నా క్లయింట్ దగ్గరుంది, ఆమె తిరిగి ఇచ్చేసింది అని మనం ఎత్తిన 123నే మన మీదికి తిప్పుతాడు. దాన్ని డిలీట్ చేయొద్దు, అతని ఫోన్‌లో ఎలాగూ ఉంటుంది. నాలుగు రోజుల తర్వాత 'శనివారం వచ్చి జూలీని తీసుకెళ్తాను' అని మీరు పెట్టిన మెసేజ్ ఉందన్నారుగా, మొత్తం చాట్ దాఖలు చేయండి. తిరిగి ఇచ్చేసిన మనిషి నాలుగు రోజుల్లో మళ్లీ అడగదు. ఈ వాదన నిలబడుతుందనే అనుకుంటున్నాను, ఖాయమని మాత్రం చెప్పను.

'ఇల్లు దొరికేదాకా చూసుకో' అన్నది మీకు బాగా కలిసొచ్చే మాట. తిరిగి ఇవ్వాలన్న షరతు మీద వస్తువు అప్పగించడాన్ని లాయర్లు బెయిల్‌మెంట్ అంటారు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 163వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది: ఒకడు తన ఆవుని చూసుకొమ్మని ఇంకొకడి దగ్గర ఉంచాడు, ఆవు ఈనింది, ఆవుతో పాటు దూడనీ తిరిగివ్వాలి. కాబట్టి ఆరు పిల్లల్ని అమ్మిన డబ్బు కూడా అడగండి. అదే చట్టం 158వ సెక్షన్ ప్రకారం జూలీ తిండికి, టీకాలకు అతను పెట్టిన అవసరమైన ఖర్చు మీరు ఇవ్వాల్సి రావచ్చు. అది ముందే ఒప్పుకుంటే మీ మాటకి విలువ పెరుగుతుంది.

గడువు సంగతి. నమ్మి అప్పగించిన చరాస్తిని తిరిగి రాబట్టుకోవడానికి లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ మూడేళ్లు ఇస్తుంది. మీరు అడిగితే అతను ఇవ్వనన్న రోజు నుంచి లెక్క. మీకు మిగిలింది మూడు నెలలు. లాయర్ నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. మళ్లీ మళ్లీ అడిగినా లెక్క మొదటికి రాదు.

విశాఖ వెళ్లి జూలీని పిలిచి కారెక్కించుకునే ఆలోచన ఈ క్షణమే మానేయండి. దొంగతనం అంటే ఏమిటో చెప్పడానికి 1860 శిక్షాస్మృతిలో రాసిన ఉదాహరణల్లో ఒకటి, జేబులో కుక్కల ఎర పెట్టుకుని ఇంకొకరి కుక్కను తన వెంట రప్పించుకునేవాడి గురించే. ఇప్పటి న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ అది అలాగే ఉంది. జూలీ నాదేనని నమ్మి తెచ్చుకున్నాను అన్న వాదన చివరికి మిమ్మల్ని కాపాడొచ్చు. ఈలోగా ఎఫ్ఐఆర్, ఆఫీసులో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ టెన్షన్. ఆ పెనుగులాటలో పెద్దావిడ కింద పడితే ఇంకో కేసు. పోలీసులు జూలీని స్వాధీనం చేసుకుంటే మధ్యలో ఎవరికివ్వాలో మేజిస్ట్రేట్ చూస్తారు, ఇన్నాళ్లూ ఉంచుకున్నవాడి వైపు మొగ్గే అవకాశమే ఎక్కువ.

చేయాల్సింది ఇది. ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు, జవాబుకి పదిహేను రోజులు. తర్వాత విశాఖలోనే సివిల్ దావా. హైదరాబాద్‌లో వేసే వీలూ ఉంది కానీ కుక్క ఉన్న చోట వేస్తే ఉత్తర్వులు అమలు చేయించడం తేలిక. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 7, 8 సెక్షన్ల కింద డబ్బు కాదు, జూలీయే కావాలని అడగాలి. దావాతోనే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద, కేసు తేలేదాకా జూలీని అమ్మకుండా, ఎవరికీ ఇవ్వకుండా, మళ్లీ ఈనించకుండా ఇంజంక్షన్ కోరండి. ఢిల్లీలో ఒక ఎంపీకీ, ఒక న్యాయవాదికీ మధ్య హెన్రీ అనే రాట్‌వైలర్ గురించి ఇలాంటి తగాదానే కోర్టుకెక్కింది. అంత పెద్దవాళ్లకే తొందరగా తేలలేదు. లాబ్రడార్ ఆయుష్షు పది, పన్నెండేళ్లు.

అందుకే దావా వేశాక లోక్ అదాలత్‌కి పంపమని అడగండి. ఆడవాళ్లకు జీతంతో సంబంధం లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కుక్కపిల్లల్ని అమ్మిన డబ్బు అతనికి వదిలేసి జూలీని తెచ్చుకోవడం లాంటి బేరాలు అక్కడే కుదురుతాయి.

ఈ రాత్రే మీ స్నేహితురాలికి ఫోన్ చేయండి. ఆ ఫోన్‌ని ఎక్స్చేంజ్‌లో ఇవ్వొద్దనీ, రీసెట్ చేయొద్దనీ చెప్పండి.